అరుగు మీద సెలక్షన్ కమిటీ: 1936 వేసవి, మా తాతగారు, కోటా రామస్వామి

మా మనవడు ఆక్లండ్‌లో ఉంటాడు. పదమూడేళ్ళు వాడికి. ఆదివారం వీడియో కాల్‌లో "బాగున్నావా తాతయ్యా" అన్నాక రెండో మాట రగ్బీయే. మొన్న మంచి కోపంలో ఉన్నాడు. వాళ్ళ జట్టు దక్షిణాఫ్రికా వెళ్ళి జోహన్నెస్‌బర్గ్‌లోని ఎల్లిస్ పార్కులో ఆడాలట. సొంత మైదానంలో వాళ్ళను ఓడించడం మహా కష్టమట. అందుకని గోల్ కిక్కర్ ఎవరన్నదాని మీద వాడికీ వాళ్ళ నాన్నకీ పెద్ద గొడవ.

నాకు రగ్బీ తెలియదు. వాడే చెప్పాడు. ట్రై చేస్తే 5 పాయింట్లు, దాని తర్వాత కిక్ సరిగ్గా కొడితే ఇంకో 2, పెనాల్టీ కిక్‌కు 3. అంటే పదిహేను మంది పడి లేచి కష్టపడ్డా, చివరికి ఒక్కడు బంతి నిలబెట్టుకుని, ఊరంతా అరుస్తుండగా రెండు కర్రల మధ్య నుంచి తన్నాలి. ఆ ఊరు సముద్రమట్టానికి 1,700 మీటర్ల పైన ఉంది కాబట్టి గాలి పల్చన, బంతి ఇంకా దూరం పోతుంది. "అందుకే కాలిలో బలమున్న కుర్రాణ్ణి పెట్టాలి. నాన్నేమో ఆ ముసలాణ్ణే పెట్టాలంటాడు" అన్నాడు.

"ముసలాడికి ఎన్నేళ్ళురా?"

"ముప్పై నాలుగు!"

నవ్వొచ్చింది. కాల్ అయిపోయాక మాత్రం మా నాన్నగారు ఎన్నోసార్లు చెప్పిన పాత సంగతి గుర్తొచ్చింది. ఇలాంటి గొడవే 1936లో మైలాపూరులో మా ఇంటి అరుగు మీద జరిగింది. ఆట వేరు, ఊరు వేరు, వాదన మాత్రం ఇదే: పరాయి గడ్డ మీద గట్టి మ్యాచ్, ఎవర్ని నమ్ముకుని వెళ్ళాలి? ఆ సంగతి మన పిల్లల కోసం ఇక్కడ రాసి పెడుతున్నాను.

అరుగు, పత్రిక, ఇద్దరు అన్నదమ్ములు

అప్పటికి మా నాన్నగారికి పదేళ్ళు. తాతగారు గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా. ఆయన తమ్ముడు, అంటే మా చిన్నతాత, కాలేజీ వదిలి ఉద్యోగం వెతుక్కుంటున్న రోజులు. సాయంత్రం అయ్యేసరికి ఇద్దరూ అరుగు మీద చేరేవారు. పక్కింటి మాష్టారు ఒకాయన ఉండేవారు, ఆయనా వచ్చేవారు. చేతిలో పత్రిక ఉండేది. తంబుచెట్టి వీధి నుంచి వచ్చే ఆంధ్రపత్రిక ఒకటి, ఇంగ్లీషు పేపరు ఒకటి. ఇంగ్లండులో ఆట మన లెక్కలో సాయంత్రం నాలుగింటికి మొదలై రాత్రి పొద్దుపోయేదాకా సాగేది. మద్రాసులో ఆలిండియా రేడియో స్టేషను 1938లో గానీ రాలేదు. కాబట్టి ఇవాళ్టి ఆట రేపటి పత్రికలోనే. ఒక్క స్కోరుబోర్డు చూసుకుని, మిగతా అంతా ఊహించుకుని, రోజంతా వాదించుకోవాల్సిందే.

క్రికెట్ పిచ్చి మా వీధికి కొత్త కాదు. లజ్ హౌస్ మాకు దగ్గరే కదా. మద్రాసు మనవాళ్ళకు క్రికెట్ నేర్పిన బుచ్చిబాబు ఇల్లు అది. అసలు పేరు వెంకట మహీపతి నాయుడు. 1868లో పుట్టారు. ఆ రోజుల్లో చేపాక్‌లో మద్రాసు క్రికెట్ క్లబ్బు దొరలది. మనవాళ్ళు వాళ్ళతో ఆడవచ్చు గానీ పెవిలియన్‌లో కూర్చోకూడదు. భోజనం వేళ దొరలు లోపలికి, మనవాళ్ళు చెట్టు కిందికి. ఆ అవమానం పడలేకే ఆయన 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టారని చెప్తారు. దొరల జట్టుకీ మన జట్టుకీ ప్రెసిడెన్సీ మ్యాచ్ జరగాలని పట్టుబట్టి ఒప్పించి, తీరా అది జరిగే ముందు 1908లో పోయారు. తర్వాత ఆ మ్యాచ్ పొంగల్ పండగతో పాటు వచ్చే ఇంకో పండగైపోయింది.

ఆయన కొడుకులందరికీ ఆట అబ్బింది. చిన్నకొడుకు తాతగారింటికి దత్తు వెళ్ళడంతో ఇంటిపేరు మారింది. ఆయనే కోటా రామస్వామి. 1896లో పుట్టారు, ఎడమచేతి వాటం. కేంబ్రిడ్జిలో చదువుకుంటూ టెన్నిస్‌లో పేరు తెచ్చుకుని 1922లో, 1923లో డేవిస్ కప్‌లో ఇండియా తరఫున ఆడారు. ఆ తర్వాత మద్రాసుకు తిరిగొచ్చి వ్యవసాయ శాఖలో ఉద్యోగం చేసుకున్నారు.

అలాంటాయన పేరు 1936లో ఇంగ్లండు వెళ్ళే జట్టులో కనబడింది.

మూడు తగాదాలు

మొదటి తగాదా కెప్టెన్ గురించి. 1932లో ఇండియా మొదటి టెస్టు లార్డ్స్‌లో ఆడినప్పుడు పోరుబందరు మహారాజా తాను తప్పుకుని సి.కె. నాయుడికి దారిచ్చారు. 1933-34లో ఇంగ్లండు జట్టు ఇక్కడికి వచ్చినప్పుడూ సి.కె.నే కెప్టెన్. 1934 ఫిబ్రవరిలో చేపాక్‌లో మొట్టమొదటి టెస్టు జరిగింది. అమర్‌సింగ్ ఒక ఇన్నింగ్స్‌లో 7 వికెట్లు తీసినా మనం 202 పరుగుల తేడాతో ఓడాం. ఓడినా సరే, సి.కె. అంటే జనానికి ప్రాణం. నాగపూరులో పుట్టిన తెలుగువాడు, 1926లో బొంబాయిలో ఇంగ్లండు వాళ్ళ మీద 11 సిక్సర్లతో 153 కొట్టినవాడు. 1936కి వచ్చేసరికి బోర్డు ఆయన్ని పక్కనపెట్టి విజయనగరం మహారాజకుమార్ విజ్జీని కెప్టెన్‌గా ఎన్నుకుంది.

తాతగారికి ఒళ్ళు మండిపోయింది. "డబ్బున్నవాడు కెప్టెనా, ఆటొచ్చినవాడు కెప్టెనా?"

చిన్నతాత ఒప్పుకునేవారు కాదు. "రాజావారు కూడా మనవారే కదా అన్నయ్యా. హాబ్స్‌ని, సట్‌క్లిఫ్‌ని సొంత ఖర్చుతో ఇండియా పిలిపించి ఆడించింది ఎవరు? ఆయన చెయ్యి విదిలిస్తేనే కదా మనకు క్రికెట్ నడిచేది!"

ఇందులో నిజం లేకపోలేదు. ఆ రోజుల్లో ఆట సంస్థానాల డబ్బు మీదే నడిచింది. ఓడ టికెట్ల నుంచి బ్యాట్ల దాకా ఎవరో రాజు దయ. ఖర్చు పెట్టినవాడే పగ్గాలు పట్టుకునేవాడు. మైదానంలో పరుగులు తీసేవాడికి ఆ పగ్గాల మీద హక్కు లేదు.

రెండో తగాదా ఎం.జె. గోపాలన్ గురించి. మద్రాసు ఫాస్ట్ బౌలరు. 1934 నవంబరు 4న చేపాక్‌లో మైసూరు మీద రంజీ ట్రోఫీ మొట్టమొదటి బంతి వేసినవాడు ఆయనే. హాకీలోనూ అంతే గొప్ప. 1935లో ధ్యాన్‌చంద్‌తో కలిసి న్యూజీలాండు వెళ్ళొచ్చారు. 1936లో ఒకే వేసవిలో రెండు దారులు ఎదురయ్యాయి. ఒకటి బెర్లిన్ ఒలింపిక్స్, రెండోది ఇంగ్లండులో క్రికెట్. గోపాలన్ క్రికెట్‌కే మొగ్గారు. మాష్టారికి ఇది అసలు నచ్చలేదు. "హాకీలో అయితే బంగారం ఖాయం. ఇక్కడ ఆడనిస్తారన్న నమ్మకం ఏముంది?" అనేవారు.

మూడో తగాదా రామస్వామి. ఇక్కడ తాతగారికీ మాష్టారికీ పడింది.

"నలభై ఏళ్ళవాణ్ణి ఎవరైనా ఇంగ్లండు పంపుతారటండీ? ఇన్నాళ్ళూ టెన్నిస్ కోర్టుల్లో తిరిగిన మనిషి. ఆ పచ్చటి పిచ్చి మీద, ఆ చలిలో ఏం నిలబడతాడు? బుచ్చిబాబు గారి మీద గౌరవం ఉంటే దండం పెడదాం, అంతేగానీ సీటు ఇస్తామా?"

మాష్టారు నెమ్మదస్తుడు. "అక్కడే చదువుకున్నవాడు. ఆ వాన, ఆ పచ్చిక ఆయనకు తెలుసు. చూద్దాం" అనేవారు.

అప్పుడు చిన్నతాత అందుకున్నారట. "సరే గానీ అన్నయ్యా, మీ సి.కె.కి ఎన్నేళ్ళు?"

తాతగారు గబుక్కున జవాబు చెప్పలేకపోయారని నాన్నగారు నవ్వుతూ చెప్పేవారు. సి.కె. పుట్టింది 1895 అక్టోబరులో. రామస్వామి పుట్టింది 1896 జూన్‌లో. అంటే కెప్టెన్‌గా ఉండి తీరాలని తాతగారు పట్టుబట్టిన మనిషి, ముసలాడని తోసేసిన మనిషి కన్నా ఎనిమిది నెలలు పెద్ద! మనకు నచ్చినవాడి వయసు అనుభవం అవుతుంది, నచ్చనివాడి వయసు ముసలితనం అవుతుంది. వయసు లెక్క చూసి ఎవరూ వాదించరు, వాదన కుదిరాక వయసు వెతుక్కుంటారు.

లార్డ్స్ నుంచి వచ్చిన కబురు

జట్టు వెళ్ళింది. వచ్చే కబుర్లు ఒక్కటీ మంచివి కావు. మొదటి టెస్టు ఇంకా మొదలుకాకముందే లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో ఇంటికి పంపేశారు. మంచి ఫామ్‌లో ఉన్న ఆటగాడు! విజ్జీకి, పెద్ద ఆటగాళ్ళకు పొసగడం లేదన్న సంగతి ఇక దాచితే దాగేది కాదు.

జూన్ 27న లార్డ్స్‌లో మొదలైన టెస్టు విచిత్రంగా నడిచింది. మనం 147. అమర్‌సింగ్ 35 పరుగులకే 6 వికెట్లు పడగొట్టడంతో ఇంగ్లండు 134కే ఆలౌట్. 13 పరుగుల ఆధిక్యం మనదే! ఆ పత్రిక వచ్చిన రోజు మా అరుగు మీద మిఠాయి పంచారట. తర్వాతి పత్రికలో మన రెండో ఇన్నింగ్స్ 93. గబ్బీ అలెన్ రెండు ఇన్నింగ్స్‌లోనూ అయిదేసి వికెట్లు తీశాడు. 9 వికెట్ల తేడాతో ఓటమి.

రెండో టెస్టు మాంచెస్టర్‌లో, ఓల్డ్ ట్రాఫర్డ్‌లో. వాన ఊరది. లార్డ్స్‌లో 93కి కూలిన బ్యాటింగు ఇక్కడ ఏమవుతుందోనని అందరికీ బెంగ. జట్టు మార్చారు. తుది పదకొండు మందిలో రామస్వామి పేరు ఉంది. గోపాలన్ పేరు లేదు.

ఆ జట్టును ఒకసారి చూడండి. కెప్టెన్ విజ్జీ. సి.కె. నాయుడు, ఆయన తమ్ముడు సి.ఎస్. నాయుడు. మన లజ్ రామస్వామి. పదకొండు మందిలో నలుగురు తెలుగు ఇళ్ళవాళ్ళే. అయినా నలుగురూ నాలుగు లోకాల మనుషులు: కాశీలో కాపురమున్న సంస్థానపు బిడ్డ, హోల్కరు కొలువులో ఉన్న అన్నదమ్ములు, మద్రాసు సర్కారు ఉద్యోగి. మనవాళ్ళు నలుగురున్నారని అరుగు మీద మురిసిపోయారు గానీ, అక్కడ కెప్టెన్‌కూ సి.కె.కూ మాటల్లేవని తర్వాత గానీ తెలియలేదు.

ఓల్డ్ ట్రాఫర్డ్, మూడు రోజులు

జూలై 25, శనివారం. ఇండియా మొదట బ్యాటింగ్ చేసి 203కి ఆలౌటయింది. అందులో వజీర్ అలీ 42, రామస్వామి 40. నలభై ఏళ్ళు నిండి నెల దాటిన మనిషి జీవితంలో మొదటి టెస్టు ఇన్నింగ్స్ అది.

ఆదివారం ఆట లేదు. సోమవారం ఇంగ్లండు విరుచుకుపడింది. హామండ్ 167 చేశాడు. కింది వరసవాళ్ళు కూడా వదల్లేదు, వెరిటీ 66 కొట్టి నాటౌట్. 8 వికెట్లకు 571 దగ్గర డిక్లేర్ చేశారు. మనవాళ్ళు 368 వెనక. ఇన్నింగ్స్ ఓటమి ఎంత తేడాతో అన్నదే మిగిలింది.

విజయ్ మర్చెంట్, ముస్తాక్ అలీ దిగారు. సాయంత్రం ఆట ముగిసేసరికి వికెట్ పోకుండా 190! ఆ ఒక్క రోజే రెండు జట్లూ కలిసి 588 పరుగులు చేశాయి. టెస్టుల్లో ఒక్కరోజు పరుగుల రికార్డు ఇప్పటికీ అదే.

పత్రిక వచ్చేసరికి తాతగారు 190 పక్కన సున్నా చూసి అచ్చుతప్పనుకున్నారట. అంకె మారిందేమోనని మాష్టారింట్లో ఇంగ్లీషు పేపరు కూడా చూసొచ్చారు.

మంగళవారం. తొలి వికెట్‌కు 203 పరుగులు జోడించాక ముస్తాక్ అలీ 112 దగ్గర అవుటయ్యాడు. విదేశంలో ఇండియా తరఫున మొదటి టెస్టు సెంచరీ అది. మర్చెంట్ 114. ఓపెనర్లిద్దరూ వెళ్ళాక అసలు పరీక్ష. లార్డ్స్‌లో కూలింది ఇలాగే కదా. ఈసారి కూలలేదు. రామస్వామి నిలబడి 60 చేశారు. సి.కె. 34, అమర్‌సింగ్ 48 నాటౌట్. 5 వికెట్లకు 390 దగ్గర మ్యాచ్ డ్రా.

ఈ మ్యాచ్ గురించి ఎవరు రాసినా మర్చెంట్, ముస్తాక్ గురించే రాస్తారు. న్యాయమే. కానీ రెండు ఇన్నింగ్స్‌లోనూ 40, 60 చేసిన మనిషి ఒక్కడే, ఆయన మా వీధి సెలక్షన్ కమిటీ తీసి పారేసినవాడు.

ఆ పూట తాతగారు మాష్టారింటికి వెళ్ళి "మీరే గెలిచారండీ" అని చెప్పి వచ్చారట. ఇది చిన్న విషయం కాదు. మా తాతగారు జీవితంలో తప్పు ఒప్పుకున్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చని మామ్మ అనేది.

ఒకే రోజు, రెండు ఊళ్ళు

మూడో టెస్టు ఆగస్టు 15న లండన్‌లో ఓవల్ మైదానంలో మొదలైంది. హామండ్ 217. మనం మళ్ళీ 9 వికెట్లతో ఓడాం. రెండో ఇన్నింగ్స్‌లో అలెన్ బంతి ఒంటికి గట్టిగా తగిలినా సి.కె. కదలకుండా 81 చేశారు. రామస్వామి 29, 41 నాటౌట్.

అదే ఆగస్టు 15న బెర్లిన్‌లో హాకీ ఫైనల్. ధ్యాన్‌చంద్ జట్టు జర్మనీని 8-1తో చిత్తుచేసి బంగారు పతకం తీసుకుంది. గోపాలన్ ఆ రోజు ఇంగ్లండులోనే ఉన్నారు. ఆ పర్యటనలో ఆయనకు ఒక్క టెస్టు కూడా దక్కలేదు. మాష్టారి మాట ఇక్కడా నిజమైంది. కానీ ఈసారి ఆయన గెలిచానని చెప్పుకోలేదట. "పాపం కుర్రాడు" అని మాత్రం అన్నారట.

కెప్టెన్ సంగతి తర్వాత తేలింది. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమాంట్ ఆధ్వర్యంలో విచారణ జరిగి 1937 జనవరిలో నివేదిక వచ్చింది. ఫీల్డర్లను నిలబెట్టడం, బౌలర్లను మార్చడం విజ్జీకి తెలియలేదనీ, బ్యాటింగ్ వరసకు ఒక పద్ధతి లేదనీ తేల్చింది. ఇది చదివి తాతగారు చిన్నతాత వైపు చూశారట, అంతే. చిన్నతాత మాత్రం రాజావారిని చివరిదాకా వదల్లేదు. విజ్జీ తర్వాత క్రికెట్ బోర్డు అధ్యక్షుడయ్యారు. సి.కె. 58వ ఏట, 1953-54లో, ఆంధ్ర జట్టు మొదటి రంజీ సీజనుకు కెప్టెన్‌గా వచ్చారు. "చూశావా, రాజావారి మనిషైనా నా మనిషైనా చివరికి మన ఆంధ్రాకే వచ్చారు" అని ముసలితనంలో ఇద్దరూ రాజీపడ్డారు.

170 పరుగులు

రామస్వామి టెస్టు లెక్క మొత్తం ఇంతే. రెండు టెస్టులు, నాలుగు ఇన్నింగ్స్: 40, 60, 29, 41 నాటౌట్. 170 పరుగులు, సగటు 56.66. ఆ తర్వాత ఇండియా మళ్ళీ టెస్టు ఆడింది 1946లోనే. మధ్యలో యుద్ధం వచ్చింది. నలభైలో మొదలుపెట్టినవాడికి పదేళ్ళు ఆగే తీరిక ఎక్కడిది? ఆట ఎలా పోయిందో ఆయన్ని అడిగినవాళ్ళు లేరు, కాలమే ఆపేసింది.

ఆయన తన అనుభవాలను ఇంగ్లీషులో ఒక పుస్తకంగా రాసుకున్నారు. మా నాన్నగారి దగ్గర ఆ పుస్తకం ఉండేది, ఎవరికో ఇస్తే తిరిగి రాలేదు.

1985 అక్టోబరు 15న, 89 ఏళ్ళ వయసులో, రామస్వామి ఇంట్లోంచి బయటికి వెళ్ళారు. మళ్ళీ రాలేదు. ఎక్కడికి వెళ్ళారో, ఏమయ్యారో ఎవరికీ తెలియలేదు. రికార్డు పుస్తకాల్లో మరణించిన తేదీ ఉండాల్సిన చోట ఆ తేదీ లేదు. ఆ కబురు విన్న రోజు మా నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ మనిషిని మా నాన్న ముసలాడన్నాడు. నేనూ తలూపాను, పదేళ్ళవాణ్ణి" అన్నారు. యాభై ఏళ్ళ నాటి తలూపు ఆయన్ను అప్పటికీ బాధపెట్టింది.

అరుగు మీది ఓటు

ఈ వాదనల వల్ల ఏం లాభం అని మా ఆవిడ అడుగుతుంది. మా తాతగారి మాట బోర్డు వినలేదు, మాష్టారి మాట గోపాలన్ చెవిన పడలేదు. నిజమే. కానీ ఆ రోజుల సంగతి ఆలోచించండి. దేశాన్ని ఎవరు ఏలాలో చెప్పే హక్కు లేదు. జట్టును ఎవరు నడపాలో చెప్పే హక్కూ లేదు, అది సంస్థానాలు, పెద్దమనుషులు తేల్చుకునే విషయం. గుమాస్తాకు, నిరుద్యోగికి, బడిపంతులికి దొరికిన ఓటు ఆ అరుగు మీది వాదనే. అందుకే అంత గట్టిగా వాదించుకున్నారు. తప్పు తేలితే పక్కింటికి నడిచి వెళ్ళి ఒప్పుకోవడం కూడా అక్కడే నేర్చుకున్నారు. ఆ రెండోది మనం మరచిపోయామేమో అనిపిస్తుంది.

ఇల్లు ఇప్పుడు లేదు, ఫ్లాట్లు కట్టారు. ఫ్లాట్లకు అరుగులుండవు. ఆ గొడవ ఇప్పుడు ఆక్లండ్‌కీ చెన్నైకీ మధ్య ఫోనులో జరుగుతోంది.

నిన్న మనవడికి ఈ కథంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. చివర్లో, "అయినా తాతయ్యా, రగ్బీ వేరు" అన్నాడు.

"వేరే. నువ్వు చెప్పిన కుర్రాడే కిక్ కొట్టనీ. కానీ ఆ ముసలాడు కొట్టి గెలిపిస్తే, మీ నాన్న గదిలోకి నడిచి వెళ్ళి చెప్పాలి. అది మన ఇంటి ఆనవాయితీ" అన్నాను.

సరేనన్నాడు. చూద్దాం.